రెండో గ్లాసు

1997 జూలై 2

నేటి నుంచి ఈ డైరీలో ఒక విషయాన్ని ప్రత్యేకంగా నమోదు చేయవలసి ఉన్నది. నా భార్య దేవకృప బొమ్మ వేసిన ఆముదపు ఆకు నీలంగా ఉన్నది.

ఆకాశమంత నీలం కాదు. దూరపు కొండ మీద ఉండే నీలం. ఆముదపు ఆకు మీద ఉండడానికి దానికి ఎట్టి అధికారమూ లేదు. అసలు ఆకు బల్ల మీద ఇంకు సీసాలో నిలబడి తన స్వంత రంగులోనే ఉన్నది. కాగితం మీది ఆకు వేరే రాష్ట్రం నుంచి బదిలీపై వచ్చినట్టున్నది.

"ఎట్లున్నది?" అని అడిగింది.

"బాగున్నది" అన్నాను.

ఈ సమాధానం తాత్కాలికమైనది. తుది అభిప్రాయం పరిశీలనానంతరం తెలియజేయబడుతుంది.

జూలై 4

ఆమె పాఠాలు చెప్పడానికి స్కూలుకు వెళ్లిన సమయంలో, సెలవు పెట్టి, అట్టపెట్టెలోని బొమ్మలన్నీ మంచం మీద పరిచి తనిఖీ చేశాను. సికింద్రాబాద్ దారుల పక్కన, గోడల పగుళ్లలో, ఎవరూ నాటకుండా మొలిచే మొక్కలు ఇవి. స్కూలు శతాబ్ది ఉత్సవాలకు వృక్షశాస్త్రం గది గోడలకు తగిలిస్తారు. పిల్లలు బొమ్మను చూసి బయటికి వెళ్లి అదే మొక్కను గుర్తుపట్టాలి గనుక రంగు తప్పడానికి వీల్లేదని ఆమే నిబంధన విధించుకున్నది. తయారుగా దొరికే ఆకుపచ్చ రంగును ఇంటి గడప తొక్కనివ్వదు. పసుపులో నీలం కలపాలి. అది మరీ మెరిసిపోతుంటే పొగరు దించడానికి ఎరుపు ఒక చుక్క వేయాలి.

మొదట వేసిన ఉత్తరేణి నిక్షేపంగా ఉన్నది. తంగేడు ఆకులు కొంత నీలం వైపు తిరిగాయి. తుత్తురు బెండ దగ్గరికి వచ్చేసరికి సందేహం మిగలలేదు. పక్కస్థలం వాడు రోజుకొక జానెడు ప్రహరీ జరిపినట్టు, ఎవరికీ అనుమానం రాకుండా, నీలం లోపలికి వచ్చేసింది.

కారణం నాకు తెలుసు. ఎండలో నిలబడినప్పుడు ఆమె కనుపాపల్లో తేనెరంగు మబ్బు కనబడుతుంది. శుక్లాలు. లోకంలోని నీలమంతా ఆ మబ్బు దగ్గరే ఆగిపోతున్నది. ఆమె చాలలేదనుకొని మరింత వేస్తున్నది.

ఆమెకు తెలియజేయవలెనా అన్నది ప్రశ్న. మా మామగారు రిచర్డ్ మాస్టారు వెనకటి రోజుల్లో ఊరి బయట కంటి శిబిరం డేరాల్లో శుక్లం తీయించుకున్నారు. ఆ కన్ను ఆ తర్వాత వెలుతురు కూడా చూడలేదు. రెండోది దానంతటదే పోయింది. అప్పటి నుంచి ఆ మాట మా ఇంట్లో పలకరు. కావున తెలియజేయరాదని నిర్ణయమైనది. ఈ నిర్ణయం వెనుక నా వ్యక్తిగత భయమేమీ లేదు.

జూలై 9

బల్బు మార్చాను.

జూలై 12

మరొక బల్బు మార్చాను. "ఈ కంపెనీ బల్బులన్నీ గిట్లనే ఉన్నయి, మసక మసక" అన్నది. తప్పు కంపెనీదేనని ఏకీభవించాను. కంపెనీవారు నన్ను క్షమింతురు గాక.

జూలై 19

ఈ ఇంట్లో నీటి సరఫరా శాఖ నాది. ఆమె బొమ్మకు కూర్చున్నప్పుడు రెండు గ్లాసులు నింపి పెట్టాలి. మొదటిది కుంచె కడుక్కోవడానికి. అది ఎంత మురికైనా పరవాలేదు. రెండోది రంగు పలచన చేయడానికి. అందులో మరక కనబడితే వెంటనే మార్చాలి.

నేడు రంగుల పళ్లెం జరుపుతుండగా పసుపు అంటిన నా వేలు రెండో గ్లాసులో మునిగింది. నీళ్లు నిమ్మరసంలా అయ్యాయి. మార్చబోయేలోగా ఆమె కుంచె ముంచింది. గ్లాసు వైపు చూసింది కూడా. ఏమీ అనలేదు. పసుపు మబ్బు వెనుక నుంచి చూసేవారికి పసుపు నీళ్లు మంచినీళ్లే.

ఆకు మీద మొదటి పొర వేసింది. ఆరేవరకు ఆగింది. వేలి వెనుకభాగంతో తాకి చూస్తుంది; చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. ఈనెల చోటు వదిలి రెండో పొర వేసింది. మడతల్లో నీడకు మూడోది. ప్రతి పొరతోనూ గ్లాసులోని పసుపు కొంత ఆకులోకి పోయింది. సాయంత్రానికి ఆకు, ఆకు రంగులో ఉన్నది.

ఇది యాదృచ్ఛికం. పునరావృతం కావలసినది.

జూలై 23

పునరావృతమైనది. రెండో గ్లాసుకు బఠాణీ గింజంత పసుపు రంగు సరిపోతుందని ప్రయోగపూర్వకంగా తేలింది. వంటింట్లో, కుళాయి విప్పి, ఆ శబ్దం చాటున కలుపుతున్నాను.

ఆగస్టు 2

కొత్త చిక్కు. తెల్లపూల రోజున నీళ్లు శుద్ధంగా ఉండాలి. అందుచేత ఉదయం కాఫీ సమయంలోనే నాటి కార్యక్రమం తెలుసుకోవలసి వస్తున్నది.

"ఈ రోజు ఆకులా, పూలా?"

"ఎందుకండీ? ఇన్నేండ్లల్ల ఏనాడన్న అడిగిన్రా?"

"ఆసక్తి."

"మీకా?" అని నా నుదురు ముట్టుకొని చూసింది. జ్వరం లేదని నిర్ధారించుకొని లేచి వెళ్లింది. ఆ చేయి మరి కొంచెం సేపు ఉంచినా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

ఆగస్టు 9

ఘోరం. ఆకులని చెప్పి ఉమ్మెత్త పువ్వు అందుకున్నది.

ఉమ్మెత్త పువ్వు తెలుపు. ఆమె పద్ధతిలో తెలుపుకు రంగు లేదు. కాగితాన్ని ముట్టకుండా వదిలేయడమే తెలుపు. మడతల్లో మాత్రం బూడిద రంగును నీళ్లలో ఊపిరంత పలచన చేసి నీడ వేస్తుంది. ఆ నీడలన్నీ నా నీళ్లతో పడ్డాయి. పువ్వుకు కామెర్లు వచ్చాయి. ఆఫీసులో అయితే తెల్ల ఇంకు పూసి, పక్కన పొడి సంతకం చేసి, పని ముగించేవాణ్ణి. ఇక్కడ ఆ సదుపాయం లేదు.

"తెల్లగొచ్చిందా?"

"పాలలా ఉన్నది."

పాలు ఎంతసేపు కాచినవో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఆరాధన ముగిసి బయటికి వస్తుండగా నా మరదలు ఎమిలీ చర్చి మెట్ల మీద నన్ను ఆపింది. ఎమిలీ ఒక ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఎవరినైనా పరుపు మీద రోగిని చూసినట్టే చూస్తుంది.

"బావా, ఒక కాలు పెండ్లికి, ఒక కాలు సావుకు పోతున్నయా?"

చూసుకున్నాను. ఒక మేజోడు నీలం, ఒకటి నలుపు. దేవకృప జత చేసి ఇచ్చినవి. నాకు ఉదయమే తెలుసు. తెలిసే తొడుక్కున్నాను.

"ఇప్పుడు ఇదే ఫ్యాషన్" అన్నాను.

ఎమిలీ నవ్వలేదు. దూరంగా పాస్టరమ్మతో మాట్లాడుతున్న అక్క వైపు చూసింది.

ఆగస్టు 24

ఎమిలీ ఇంటికి వచ్చింది. దేవకృప వంటింట్లో ఉన్నది. బల్ల మీది రెండో గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టింది.

"బావా, గీ నీళ్లేంది? కామెర్లోడు చేతులు కడుక్కున్నడా?"

గొంతు తగ్గించి పరిస్థితి వివరించాను. సాంకేతిక అంశాలను విస్తారంగా తెలిపాను. విని, గ్లాసు కింద పెట్టింది.

"అంటే అక్కకు కండ్లు పోతున్నయని మీకు ఎరికే. మందు కండ్లల్ల ఎయ్యక నీళ్లల్ల ఏస్తున్నరు."

"తగు సమయంలో తెలియజేస్తాను."

"మీ తగు సమయం వచ్చేటాళ్లకు ఆమె గోడ పట్టుకొని నడుస్తది. మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నాన్నగారి సంగతి..."

"నాన్నది నాకు యాది లేదా? అవి ఎప్పటి రోజులు బావా! ఇప్పుడు చిన్న కోత పెట్టి, లోపల అద్దం పెట్టి, మర్నాడే ఇంటికి పంపుతున్నరు. భయపడేది అక్క కాదు. ఎవరో నాకు కనబడుతనే ఉన్నది."

ఆమె ఎవరిని ఉద్దేశించి అన్నదో తెలియరాలేదు.

ఆగస్టు 30

ఎమిలీ ఫోన్ చేసింది. వానాకాలం వెళ్లనిమ్మని కోరాను.

సెప్టెంబరు 6

ఉదయపు నడకలో పెరేడ్ గ్రౌండ్ గోడవారన విష్ణుక్రాంతం కనబడింది. నేలకు అంటుకొని పాకే చిన్న మొక్క. గోరంత పూలు, నిండు నీలం. ఎండ ముదిరితే ముడుచుకుంటాయని రుమాలు తడిపి చుట్టి, వేగంగా తెచ్చి, సీసాలో పెట్టాను.

కళ్లద్దాలు సర్దుకొని వంగి చూసింది.

"ఏమండీ, పూలు లేని కొమ్మ తెచ్చిన్రేంది?"

కొమ్మ నిండా పూలున్నాయి.

"పూలుంటెనే గద పిల్లలు గుర్తుపట్టేది. జెర ఇంకోటి చూడలేకపోయిన్రా?"

నేను రెండో గ్లాసు వైపు చూశాను. అందులో ఏమి కలిపినా ఈ పూలు ఆమెకు కనబడవు. ఇది నా శాఖ పరిధిలోని విషయం కాదు.

ఆమె చూపుడువేలు పట్టుకొని ఒక పువ్వు మీద ఆనించాను. "ఇక్కడ ఒకటి ఉన్నది." పక్కకు జరిపాను. "ఇక్కడ ఒకటి."

వేలు తనంతట తానే కొమ్మ చివరి దాకా వెళ్లింది.

"మంచిగ నీలమున్నయా?"

"బాగా."

"నాకు ఆకుల లెక్కనే ఉన్నయి. మట్టి రంగు." కొమ్మ మీది నుంచి వేలు తీసి, "నాన్నకు సుత గిట్లనే షురూ అయిందేమో" అన్నది.

"అవి వేరే రోజులు. ఇప్పుడు చిన్న కోత పెట్టి, లోపల అద్దం పెట్టి, మర్నాడే ఇంటికి పంపుతున్నారు."

ఈ సమాచారం ఎమిలీ నుంచి సంగ్రహించినది.

"మీకు ఎప్పటిసంది తెలుసు?"

"ఈ మధ్యనే."

"ఎమిలీకి ఫోన్ చెయ్యండి" అన్నది.

నెంబరు రెండుసార్లు తప్పు పోయింది. ఫోనులో లోపం. నీళ్ల సంగతి చెప్పవలసిన సందర్భమే. చెప్పలేదు.

సెప్టెంబరు 18

కుడి కన్ను. లోపలికి తీసుకువెళ్లారు.

కారిడార్‌లో కూర్చొని ప్రభువు సముఖమునకు ఒక విన్నపము సమర్పించాను. విన్నపము ఏమనగా: సదరు దేవకృప ఎన్నడూ ఎవరికీ తప్పు రంగు చూపించి ఎరుగదు. ఆమె కన్ను ఆమెకు ఇప్పించవలెను. వీలుకాని పక్షమున నావి రెండూ వాడుకలో ఉన్నవి. వాటితో నేను చదివేది ఎక్కువగా ఆఫీసు సర్క్యులర్లే గనుక పెద్దగా నష్టము ఉండదు. తమ విధేయుడు.

"బావా," అన్నది ఎమిలీ బయటికి వచ్చి, "అయిపోయింది. మంచిగనే అయింది. చెప్పులు తొడుక్కోండి, వట్టికాళ్లతోటి ఎక్కడిదాంక తిరిగిన్రు?"

సెప్టెంబరు 19

కట్టు విప్పారు. దేవకృప ముందు డాక్టరు జేబులోని పెన్ను చూసింది. ఎమిలీ కట్టుకున్న చీర చూసింది. కిటికీ వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆస్పత్రి వెనుక ఆకాశం, నీళ్ల ట్యాంకు, రెండు తీగలు. అంత సేపు చూడవలసిన దృశ్యమని నాకు ఇన్నాళ్లూ తోచలేదు.

తర్వాత నన్ను చూసింది.

"మీ తల గింత తెల్లగ ఎప్పుడైందండీ?"

"క్రమక్రమంగా."

"నాకెవ్వరు చెప్పలే."

"సమాచారం పంపడంలో జాప్యం జరిగింది."

ఎమిలీ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నది. నాకు జలుబు చేసినందున నేనూ అదే చేశాను.

సెప్టెంబరు 27

ఆమె స్వయంగా అట్టపెట్టె దింపి బొమ్మలన్నీ మంచం మీద పరిచింది. ఒక కన్ను చేత్తో మూసి చూసింది. చేయి మార్చి రెండో కన్ను మూసి చూసింది.

"అయ్యో, ఇవేం ఆకులు! మునిగిపోయిన శవాల లెక్క నీలం." నవ్వుతూనే తుత్తురు బెండను, ఆముదాన్ని పక్కన పెట్టింది. "ఇవన్ని నా తప్పులే. మళ్ల వేసుకుంట."

తర్వాత జూలై ఆఖరు నుంచి వేసినవి ముందుకు జరుపుకున్నది. నవ్వు ఆగింది.

"కండ్లు ఇంకా చెడినంక వేసినయి ఒప్పు రంగులెట్ల వచ్చినయండీ?"

నేను పత్రిక చదువుతున్నాను.

ఉమ్మెత్త బొమ్మ చేతిలోకి తీసుకున్నది. కిటికీ దగ్గరికి వెళ్లింది. తడి దూది ముక్కతో పువ్వు మడతలో మెల్లగా అద్ది, దూదిని చూసింది.

"ఈ పువ్వుల నేను పసుపు పెట్టలే."

పత్రిక మడిచాను.

"రెండో గ్లాసు ఎవరు నింపేది?"

"నీటి సరఫరా శాఖ" అన్నాను. ఏళ్ల తరబడి ఆమెను నవ్వించిన మాట. నవ్వలేదు.

"నావి తప్పులైతే నావి. దిద్దుకుంట. ఇవి ఒప్పులే, కాని ఎవరివి? కింద నా పేరున్నది. ఇవి పిల్లల ముందర ఏమని పెట్టాలె?" బొమ్మ కింద పెట్టి, "నేను ముంచిన కుంచెలో ఏమున్నదో నాకే తెల్వదు. ఇన్ని రోజులు పక్కన కూసొని చూసిన్రు" అన్నది.

బొమ్మలన్నీ పెట్టెలో పెట్టి మూత వేసింది.

సెప్టెంబరు 29

మాటలు లేవు.

అక్టోబరు 1

కూరలో ఉప్పు లేదు. ఫిర్యాదు చేయలేదు.

అక్టోబరు 3

నీళ్లు తానే పట్టుకున్నది. రెండు గ్లాసులూ. కంట్లో చుక్కలు వేయడానికి మాత్రం నన్ను పిలుస్తున్నది. తల వెనక్కి వంచుతుంది, చుక్క వేస్తాను, కళ్లు మూసుకుంటుంది, నేను వెళ్లిపోతాను. రోజు మొత్తానికి నాకు మిగిలిన ఉద్యోగం ఇదే. ఆలస్యం చేయకుండా హాజరవుతున్నాను.

అక్టోబరు 12

జూలై నాలుగవ తేదీన "నా వ్యక్తిగత భయమేమీ లేదు" అని నమోదు చేసిన వాక్యం సవరించబడుతున్నది.

ఈ సాయంత్రం చుక్కలు వేసిన తర్వాత వెళ్లిపోలేదు. ఆమె కళ్లు మూసుకొనే ఉన్నది. అలా ఉంటేనే చెప్పగలననిపించింది.

"మీ నాన్నగారు చివరి రోజుల్లో నేను గదిలోకి రాగానే చేయి చాపి నా ముఖం తడిమేవారు. అల్లుడేనా కాదా అని. నువ్వు కూడా నన్ను అలా తడిమి తెలుసుకోవలసి వస్తుందేమోనని నాకు భయం. ఆ మాట ఎత్తితే నిన్ను ఆపరేషన్‌కు నేనే పంపినవాణ్ణవుతాను. ఎత్తకపోతే బొమ్మల్లోనైనా అంతా బాగానే ఉంటుంది. బొమ్మలు బాగుంటే కళ్లు బాగున్నట్టేనని అనుకున్నాను."

ఆమె చాలాసేపు కళ్లు తెరవలేదు. చుక్కలు వేశాక తెరవకూడదు.

"తడిమితే ఏమైతది?" అన్నది చివరికి. "గడ్డం గీసుకుంటే మంచిగనే ఉంటది మీ మొఖం."

చుక్కల సీసాకు మూత పెట్టాను.

"కాని నాకు చెప్పాలె. నా కన్ను గదండీ."

"అవును."

"ఇంకోసారి చేస్తరా?"

"చేయను."

"పోయి నీళ్లు తెండి."

తెచ్చాను. రెండో గ్లాసును కిటికీకేసి ఎత్తి, పై నుంచి, పక్క నుంచి, కింద నుంచి పరీక్షించింది. మా ఆఫీసు తనిఖీల్లో ఇంతటి శ్రద్ధ నేను ఎరుగను. గ్లాసు బల్ల మీద పెట్టింది. విధుల్లోకి తిరిగి తీసుకొనబడ్డాను.

అక్టోబరు 19

నీలం బొమ్మలన్నీ మళ్లీ వేస్తున్నది. నా నీళ్లతో వచ్చినవాటిని చింపుతుందనుకున్నాను. చింపలేదు. ఒక్కొక్క దాని కింద, తన పేరు పక్కన, సన్నని కుంచెతో "నీళ్లు: జకర్యా" అని రాసింది. అవి స్కూలుకు పోవట. కామెర్ల ఉమ్మెత్తను వంటింట్లో కుళాయి పైన తగిలించింది. ఎమిలీ చూసి, "బావా, మీరు సుత ఆర్టిస్టు అయిపోయిన్రు" అన్నది. అభినందనగా స్వీకరించాను.

అక్టోబరు 28

డాక్టరు ఎడమ కంటికి తేదీ ఇచ్చారు. ఆమె ఒక వారం గడువు అడిగింది. కారణం అడిగాను.

"ఈ పాత కన్ను పోయేలోపల దీంతోటి ఒక పని ఉన్నది."

నవంబరు 2

పని ఏమిటో నేడు తెలిసింది.

ఆముదపు ఆకు ఒకటి తెప్పించింది. కాగితం మీద ఆకు గీసింది. నడిమి ఈనెకు కుడివైపు సగాన్ని కొత్త కంటితో చూసి వేసింది: పలచని పసుపు ఒక పొర, ఆరాక ఆకుపచ్చ, ఆరాక మడతల్లో నీలి నీడ. ఎడమవైపు సగానికి వచ్చేసరికి పద్ధతి మార్చింది. కొత్త కన్ను చేత్తో మూసి, పాత కంటితో ఆకును చూస్తుంది. చేయి మార్చి, కొత్త కంటితో పళ్లెంలో రంగు కలుపుతుంది. మళ్లీ చేయి మార్చి ఆకును చూస్తుంది. ఆకు చూడడానికి ఒక కన్ను, కాగితం చూడడానికి ఒక కన్ను. పసుపు, ఎరుపు, కొద్దిగా నీలం. మళ్లీ ఎరుపు. పొర మీద పొర.

సాయంత్రానికి ఆకు పూర్తయింది. కుడి సగం ఆకు. ఎడమ సగం, వేసవిలో మధ్యాహ్నపు నిద్ర లేచినప్పుడు గదిలో ఉండే వెలుతురు. పాత ఇత్తడి, తేనె, మట్టి. అందులో ఈనెలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది.

"గిట్ల కనబడేది నాకు, అన్నీ" అన్నది. "మీరు ఎన్నడు అడగలే."

నాలుగు నెలలు ఆమె ఏ రంగు వేస్తున్నదో చూశాను. దాని తప్పొప్పులు విచారించాను, దిద్దాను, దాచాను. ఆమెకు ఏమి కనబడుతున్నదో అడగడం అన్న పద్దు నా కార్యక్రమంలో లేదు. ఆ సగం ఆకును చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. కాఫీ చల్లారిందని చెప్పి వేరేది పెట్టింది.

ఈ బొమ్మ స్కూలు గోడకు పోతుంది. ఆమె నిర్ణయం. దీని కింద ఆమె పేరు ఒక్కటే ఉన్నది.

నవంబరు 5

రేపు ఎడమ కన్ను.

సంచిలో తువ్వాలు, బైబిలు, బిస్కట్లు సర్దాను. ఈసారి చెప్పులు ముందుగానే తలుపు దగ్గర పెట్టాను. ఆమె పిలిచింది.

"ఇక్కడ కూసోండి. వెలుతురు మొఖం మీద పడేటట్టు."

"నేను దారిపక్క మొక్కను కాను."

"కూసోండి జెర."

కూర్చున్నాను. కుంచె తీయలేదు. అరచేత్తో కొత్త కన్ను మూసుకున్నది. రేపటితో పోయే కంటితో నన్ను చూడడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. నుదురు, జుట్టు, చెవులు. బొమ్మకు ముందు మొక్కను చూసినట్టే చూసింది. నాకు ఎటు చూడాలో తెలియక ఆమె కన్ను మూసిన చేతిని చూశాను. గోరు అంచున ఆముదపు ఆకు రంగు ఇంకా ఉన్నది.

"ఏమి చూస్తున్నావు?"

"ఈ కంటితోటి మిమ్మల్ని ఇదే ఆఖరు గద. ఒకసారి చూసి పెట్టుకుంటున్న."



"ఎలా ఉన్నాను? ఏ రంగులో?"

నిజంగా అడిగాను. తెలుసుకోవాలని అడిగాను.

చేయి తీయకుండానే నవ్వింది.

"చెప్పను," అన్నది. "మళ్ల పోయి నీళ్లల్ల కలుపుతరు."